ప్రకటన ఎవరితో మాట్లాడుతోంది? తిరుపతి, చిత్తూరు పిల్లలకి నేర్పే పద్ధతి

ఆరో తరగతి పిల్లల్ని ప్రకటన అంటే ఏమిటని అడగండి. "వస్తువులు కొనమని చెప్పేది సార్" అంటారు. తప్పేమీ కాదు గానీ అది సగం జవాబే. కొనమని చెప్పకముందు అమ్మేవాడు చేసే పని ఒకటుంది. ఎవరు కొంటారు, వాళ్ళకి ఏం నచ్చుతుంది, దేనికి భయపడతారు, జేబులో ఎంత ఉంటుంది అని గమనిస్తాడు. బోర్డు మీద ఏ మాట పెద్దక్షరాల్లో రాయాలో అప్పుడు తేలుతుంది. పిల్లలకి మనం నేర్పాల్సింది ఈ మిగతా సగం. ఒక ప్రకటనని చూపిస్తే, అది ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారైందో వాళ్ళు చెప్పగలగాలి.

ఈ పాఠానికి తిరుపతి కంటే మంచి ఊరు దొరకడం కష్టం. ఇక్కడ వీధిలో జనం రోజూ మారిపోతుంటారు. ఇవాళ తమిళం వినిపిస్తే రేపు కన్నడం, ఎల్లుండి హిందీ. బోర్డులు కూడా అన్ని భాషల్లోనూ ఉంటాయి. చిత్తూరులో ఉండేవాళ్ళకీ లోటేం లేదు. ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక, వేసవి వస్తే మామిడి.

కింద రాసింది 6 నుంచి 8 తరగతుల పిల్లల కోసం. వారానికి మూడు పీరియడ్లు తీసుకుంటే రెండు వారాలు పడుతుంది. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకి ప్రకటన వెనక అమ్మే ఉద్దేశం ఉంటుందన్న సంగతే పూర్తిగా పట్టుబడదు. అంత చిన్నవాళ్ళు ఇంట్లో ఉంటే టీవీ ముందు కూర్చుని "ఇప్పుడు వచ్చేది కథా, అమ్మకమా?" అని అడిగే ఆట ఒక్కటీ ఆడండి, చాలు.

మొదటి అడుగు: చెత్తబుట్టలోకి పోయేవన్నీ తెప్పించండి

నిర్వచనం చెప్పి మొదలుపెట్టకండి. వారం ముందే చెప్పి ఇంట్లో పడేసే ప్రకటనలన్నీ తెమ్మనండి. బిస్కెట్ కవర్లు, షాంపూ సాచెట్లు, పేపర్లో పెట్టి పంపే పాంప్లెట్లు, బట్టలంగడి సంచులు, పెళ్ళిలో ఇచ్చిన చేతి సంచీ మీద అంగడి పేరున్నా సరే. అన్నీ కింద పోసి, ఒక్కో జట్టుని తమకి తోచినట్టు కుప్పలుగా విడదీయమనండి. చాలామంది వస్తువుని బట్టి విడదీస్తారు: సబ్బులు ఒక పక్క, తినేవి ఒక పక్క. అలాగే చేయనివ్వండి. తర్వాత "ఇప్పుడు ఇవే కుప్పల్ని ఎవరు కొంటారో దాన్ని బట్టి మార్చండి" అనండి. అక్కడ గొడవ మొదలవుతుంది. బిస్కెట్ ప్యాకెట్ పిల్లల కుప్పలోనా, అమ్మ కుప్పలోనా? తినేది ఒకరు, డబ్బులిచ్చేది ఇంకొకరు. ఈ వాదన ఎంతసేపు సాగితే అంత మంచిది. మీరు మధ్యలో తీర్పు చెప్పకండి.

తప్పకుండా తెప్పించాల్సింది ఒకటుంది: గోడ క్యాలెండర్. మన జిల్లాల్లో క్యాలెండర్ లేని ఇల్లుండదు. పైన వెంకటేశ్వరస్వామి, కింద నగల అంగడి పేరో, ఫైనాన్స్ పేరో, ఎరువుల అంగడి పేరో. ఎరువులకీ స్వామివారికీ ఏం సంబంధమని అడగండి. పిల్లలు నవ్వుతారు, తర్వాత ఆలోచిస్తారు. ఉత్త అంగడి పేరు అచ్చేసిన కాగితాన్ని ఎవరూ గోడకి తగిలించరు. స్వామి బొమ్మని మాత్రం చింపి పారేయడానికి ఎవరికీ చేయి రాదు. తిథులు, రాహుకాలం ఉంటాయి కాబట్టి అవ్వ రోజూ చూస్తుంది. అంటే ఏడాది పొడవునా ఆ ఇంట్లో అంగడి పేరు కనపడుతూనే ఉంటుంది. కొనేవాళ్ళ ఇష్టాన్ని బట్టి ప్రకటన రూపం మార్చుకోవడమంటే ఇదేనని అప్పుడు చెప్పండి, ముందుగా కాదు.

రెండో అడుగు: రెండు వీధులు తిప్పి చూపించండి

నో బ్యాగ్ డే రోజు దీనికి బాగుంటుంది. ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు ముందే తీసుకోండి. పదిమంది పిల్లలకి ఒక పెద్దవాళ్ళన్నా తోడుండాలి. ఉదయం ఎండ ఎక్కకముందే ముగించండి, మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు.

తిరుపతిలో అయితే మొదటి వీధి ఆర్టీసీ బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల. యాత్రికులు బస చేసే శ్రీనివాసం, విష్ణు నివాసం రెండూ ఆ దగ్గర్లోనే కాబట్టి అక్కడ తిరిగేవాళ్ళలో ఎక్కువమంది యాత్రికులే. రెండో వీధి బాలాజీ కాలనీ, యూనివర్సిటీ వైపు. అక్కడ విద్యార్థులు ఎక్కువ. నోట్‌బుక్‌లో మూడు గడులు గీయించండి. మొదటి గడిలో ఆ దారిన పోయేవాళ్ళెవరో, రెండో గడిలో వాళ్ళకి ఏం కావాలో, మూడో గడిలో బోర్డు మీద అన్నిటికంటే పెద్దగా ఉన్న మాటేదో రాయాలి.

స్టేషన్ వైపు పిల్లలు రాసుకునేవి ఇలా ఉంటాయి: వేడినీళ్ళు, శుద్ధ శాకాహారం, లిఫ్ట్ ఉంది, 24 గంటలు, శ్రీకాళహస్తి కాణిపాకం ప్యాకేజీ. పక్కనే తమిళం, కన్నడం, హిందీ. యూనివర్సిటీ వైపు మాటలు వేరు: ర్యాంకులు, ఫొటోలు, వైఫై, నెలకి ఇంత, ఇంటి భోజనం. రెండు చోట్లా అమ్మేది గదీ, తిండీనే. అయినా ఒకచోట వేడినీళ్ళు పెద్దక్షరాల్లో ఉంటే ఇంకోచోట వైఫై ఎందుకుంది? ఈ ప్రశ్నకి పిల్లలే జవాబు చెప్పాలి. తెల్లారుజామున తలస్నానం చేసి కొండెక్కాల్సిన వాళ్ళకి ఏం కావాలో, రాత్రంతా చదివే వాళ్ళకి ఏం కావాలో వాళ్ళకి బాగా తెలుసు.

చిత్తూరులో అయితే గాంధీ విగ్రహం కూడలి దగ్గర ఒకసారి, మామిడి రోజుల్లో మార్కెట్ యార్డు దారిలో ఒకసారి తిప్పండి. ఒకచోట ఇంటికి కావాల్సిన సామాన్లు కొనేవాళ్ళు, ఇంకోచోట కాయ అమ్ముకోవడానికి వచ్చే రైతులు. పల్లెటూరి బడి అయితే ఊళ్ళో చిల్లర అంగడి గుమ్మానికి వేలాడే సాచెట్ల దండ ఒక్కటే సరిపోతుంది.

పిల్లలు అంగడివాళ్ళతో మాట్లాడాలి. అడిగే ముందు నమస్కారం పెట్టాలి, బేరం జరుగుతున్నప్పుడు మధ్యలో దూరకూడదు. "అన్నా, మీ బోర్డు మీద ఈ మాటే పెద్దగా ఎందుకు రాయించినారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. చాలామంది సంతోషంగా చెప్తారు. "రాయకముందు వచ్చినోళ్ళంతా అదే అడిగేవాళ్ళు నాయనా, చెప్పలేక రాయించినా" లాంటి జవాబు ఒక్కటి దొరికితే మీరు పీరియడంతా చెప్పేదానికంటే ఎక్కువ నేర్చుకుంటారు. మనుషుల మొహాలు ఫొటో తీయనివ్వకండి, బోర్డులు మాత్రమే.

ఒక జాగ్రత్త. మారినదంతా కొనేవాళ్ళ ఇష్టం వల్లే మారిందని పిల్లలు అనుకోకూడదు. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధించాక గాజు సీసాలు, రాగి, స్టీలు సీసాలు కనపడటం ఎక్కువైంది. దానికి మొదటి కారణం నిబంధన, రుచి కాదు. "ఇది ఇష్టమా, రూలా?" అని అప్పుడప్పుడు అడుగుతుండండి.

మూడో అడుగు: చెనక్కాయ ఉండ ఒకటే, కొనేవాళ్ళు నలుగురు

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. రెండు పీరియడ్లు దీనికే ఇవ్వండి.

బల్ల మీద చెనక్కాయ ఉండలు పెట్టండి. నిజం ఉండలే తెండి, చివర్లో పిల్లలకి పంచేయొచ్చు. బోర్డు మీద దాని వివరాలు రాయండి: చెనక్కాయ పప్పు, బెల్లం, ఇంట్లో చేసింది, రంగు కలపలేదు, ఒక్కోటి 10 రూపాయలు. ఈ వివరాలకి పొసగని మాట ఎవరూ ప్రకటనలో రాయకూడదు. తరగతిని నాలుగు జట్లు చేసి ఒక్కో జట్టుకి ఒక చీటీ ఇవ్వండి. ఒక చీటీలో కొండ దిగి వచ్చి రాత్రి రైలు కోసం చూస్తున్న తమిళ కుటుంబం. ఇంకో చీటీలో హాస్టల్లో ఉండే ఇంజినీరింగ్ అబ్బాయిలు. మూడోదాంట్లో ఐదేళ్ళ పాప ఉన్న అమ్మ. నాలుగో చీటీలో షుగరున్న తాత. ఏ జట్టుకి ఏ చీటీ వచ్చిందో బయటికి చెప్పకూడదు.

ప్రకటన గీసే ముందు ప్రతి జట్టూ ఆ కొనేవాళ్ళ గురించి తెలుసుకోవాలి. అందుకు ఒక రోజు గడువివ్వండి. ఇంట్లో తాతనో, పక్కింటి అక్కనో, హాస్టల్లో ఉన్న అన్ననో అడిగి రావాలి: చిరుతిండి కొనేటప్పుడు మొదట ఏం చూస్తారు? ఎప్పుడు కొంటారు? ఏముంటే కొనరు? జవాబులు గీతలు పెట్టి లెక్కేసుకోవాలి. లెక్కల టీచర్‌ని కలుపుకుంటే వాళ్ళకీ దత్తాంశం పాఠం అయిపోతుంది.

మర్నాడు నాలుగు ప్రకటనలూ గోడకి అంటించి, మిగతా జట్లు ఇది ఎవరి కోసమో కనుక్కోవాలి. ప్రయాణంలో పాడవదు, శాకాహారం అని రెండు తమిళ ముక్కలతో సహా రాసింది మొదటి జట్టుదని వెంటనే చెప్పేస్తారు. రాత్రి పదింటికి ఆకలా, పదే రూపాయలు అన్నది హాస్టల్‌ది. రంగు లేదు, అమ్మ చేసినట్టే అన్నది మూడోది. కనుక్కోలేకపోతే ఆ ప్రకటన ఎవరితోనూ మాట్లాడటం లేదని అర్థం. "అందరికీ నచ్చే రుచి" అని రాసిన జట్టుని ఏమీ అనకండి. ఎవరూ వాళ్ళ చీటీ కనుక్కోలేకపోయినప్పుడు వాళ్ళకే తెలుస్తుంది.

నాలుగో జట్టు దగ్గర మాత్రం ఆగాలి. షుగరున్న తాత కోసం పిల్లలు దాదాపు తప్పకుండా "పంచదార లేదు!" అని పెద్దగా రాస్తారు. అబద్ధమా? కాదు, బోర్డు మీద పంచదార అని లేదు. తాత దాన్ని చదివి ఏమనుకుంటాడు? తినొచ్చనుకుంటాడు. మరి బెల్లం తింటే రక్తంలో చక్కెర పెరగదా? పెరుగుతుంది. ప్రతి మాటా నిజమే అయినా చదివినవాడు మోసపోయాడు. నిజం చెప్తూనే దారి తప్పించవచ్చన్నది పిల్లలకి చెప్తే ఎక్కదు. తమ చేత్తో రాసిన ప్రకటనలో కనపడితే మర్చిపోరు. ఆ జట్టుని తిట్టకండి, నిజానికి వాళ్ళే అందరికంటే ఎక్కువ నేర్పించారు. ఇప్పుడు ఆ తాత కోసం నిజాయితీగా ఏం రాయొచ్చో అడగండి. కొందరు "మనవడి కోసం కొనండి తాతా" అని మారుస్తారు. ఇంకొందరు ఈ ఉండ తాతకి అమ్మకూడదంటారు. రెండూ మంచి జవాబులే.

నాలుగో అడుగు: ఇష్టాలు మార్చేసి చూడండి

గోడ మీద ప్రకటనలు ఉండగానే ఒక వార్త చదవండి: "ఇప్పుడు జనం పది రూపాయలు ఎక్కువంటున్నారు, ఐదుకే కావాలంటున్నారు." అమ్మేవాళ్ళుగా ఏం చేస్తారు? ఉండ సైజు తగ్గిస్తారు. అచ్చం ఇదే పని బిస్కెట్, చిప్స్ కంపెనీలు చేస్తున్నాయి. ఐదు రూపాయల ప్యాకెట్ ఐదుకే ఉంటుంది, లోపల గ్రాములు తగ్గుతాయి. ప్యాకెట్ మీద ధర, నికర బరువు అచ్చేయాలని చట్టం చెప్తుంది కాబట్టి పిల్లలు తెచ్చిన కవర్లలోనే ఇది చదివించొచ్చు. చిన్నదీ పెద్దదీ రెండు ప్యాకెట్లు తీసుకుని వంద గ్రాములు ఎంత పడుతుందో లెక్క వేయించండి.

అసలు కంపెనీల కథలు ఇప్పుడు చెప్పండి. మొదట చిక్ షాంపూ. 1983లో పక్క రాష్ట్రంలోని కడలూరులో మొదలైంది. అప్పట్లో షాంపూ అంటే డబ్బున్నవాళ్ళు సీసాల్లో కొనేది. పల్లెల్లో పెద్ద సీసా కొనలేరు కాబట్టి తక్కువ ధరకి సాచెట్ అమ్మారు. దక్షిణాదిలో ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకుంటారు కాబట్టి మల్లెపూల వాసన తెచ్చారు. ఊళ్ళలో ఒక పిల్లాడిని అందరి ముందూ కూర్చోబెట్టి తల రుద్ది, జుట్టు ముట్టుకుని వాసన చూడమనేవారు. షాంపూ ఎలా వాడాలో తెలియని వాళ్ళకి టీవీలో సినిమా తార కంటే ఆ పిల్లాడి జుట్టే మంచి ప్రకటన. ఈ కథ పిల్లలకి బాగా నచ్చుతుంది, కావాలంటే తరగతిలో నాటకం వేయించండి, నీళ్ళు మాత్రం వద్దు.

రెండోది ఫెయిర్ అండ్ లవ్లీ. 1975 నుంచి మన దేశంలో అమ్ముతున్న క్రీమ్. తెల్లగా ఉంటేనే ఉద్యోగం, పెళ్ళి అన్నట్టు ప్రకటనలు వచ్చేవి. రంగు గురించి ఇంట్లోవాళ్ళు అనే మాటల్నే ఆ ప్రకటన పట్టుకుంది. ఏళ్ళ తరబడి విమర్శలు వచ్చాయి, జనం ఆలోచన కొంత మారింది, 2020లో పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. కొనేవాళ్ళ ఇష్టంతో పాటు కొనేవాళ్ళ కోపాన్ని కూడా ప్రకటన వింటుందనడానికి ఇది ఉదాహరణ. ఇది చెప్పేటప్పుడు తరగతిలో ఎవరి రంగు గురించీ మాట రానివ్వకండి, వస్తే అక్కడికక్కడే ఆపండి. పేరు మారింది సరే, అమ్మకం మారిందా అని ఎవరైనా అడిగితే ఆ పిల్లకి మంచి భవిష్యత్తుంది.

ఇక మన మామిడి. చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలకి లారీల కొద్దీ పోయేది తోతాపురి. ఇంట్లో కోసుకుని తినడానికి మాత్రం మనకి బేనీషా, అంటే బంగినపల్లి కావాలి. జ్యూస్ ప్రకటనల్లో పచ్చగా మిసమిసలాడే పండు, అంచు దాటి కారే రసం చూపిస్తారు. తినేవాడి నోట్లో నీళ్ళూరించే బొమ్మ అది. సీసా వెనక పదార్థాల వరస చదివించండి. నీళ్ళెక్కడున్నాయి, చక్కెర ఎక్కడుంది, మామిడి గుజ్జు ఎంత శాతం? ఎక్కువ మోతాదులో ఉన్నదే ముందు రాస్తారని చెప్పండి. తోటలున్న ఇళ్ళ పిల్లలు ఈ పీరియడ్‌లో మీకే పాఠం చెప్తారు, చెప్పనివ్వండి.

అమరాన్ బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్న కరకంబాడి చుట్టుపక్కల బడి అయితే ఆ బ్యాటరీని కూడా వాడుకోండి. బ్యాటరీ చూడ్డానికి అందమైన వస్తువేం కాదు, రుచీ లేదు. కొన్నవాడికున్న టెన్షన్ ఒకటే: ఎన్నాళ్ళొస్తుంది? ఆ బ్రాండు ప్రకటనలు బంకమట్టి బొమ్మలతో నవ్విస్తూ, ఎక్కువ కాలం మన్నుతుందన్న ఒక్క విషయాన్నే పట్టుకున్నాయి.

ఐదో అడుగు: ఫోన్

ఇది బడిలో కంటే ఇంట్లో బాగా కుదురుతుంది, అందుకే తల్లిదండ్రులకి చీటీ రాసి పంపండి. అంగడాయన తన ముందు నిలబడ్డ మనిషిని చూసి మాట మారుస్తాడు. ఫోన్‌కి కళ్ళు లేవు గానీ ఏం వెతికాం, ఏం చూశాం, ఎక్కడున్నాం అన్నవి గుర్తుపెట్టుకుంటుంది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళ ఫోన్లు పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకే వీడియో తెరిచి, ముందు వచ్చే ప్రకటనలు పోల్చి చూడమనండి. నాన్నకి ట్రాక్టరు, అత్తకి చీరలు రావచ్చు. గూగుల్, యూట్యూబ్ ప్రకటనల పక్కన ఉండే చిన్న గుర్తు నొక్కితే ఆ ప్రకటన మనకే ఎందుకు చూపిస్తున్నారో కొంత వివరం వస్తుంది. అది పిల్లలతో చదివించాలి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని గమనిస్తూ వాళ్ళని లక్ష్యంగా పెట్టుకుని ప్రకటనలు చూపించకూడదని ఉంది. అయితే మన ఇళ్ళలో పిల్లలు చూసేది నాన్న ఫోన్‌లోనే. ఫోన్ దృష్టిలో అక్కడున్నది నలభై ఏళ్ళ మనిషి. చట్టం ఉన్నా పిల్లలకి అన్నీ ఎందుకు కనపడుతున్నాయో తల్లిదండ్రులకి ఈ ఒక్క ముక్క చెప్తే చాలు.

ఆరో అడుగు: హద్దులెక్కడున్నాయో చూపించండి

చట్టాలు ఏకరువు పెట్టకండి, టేపు పట్టుకుని బయటికి రండి. బడి చుట్టూ 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి పిల్లలకి అమ్మకూడదు, ప్రకటనలు పెట్టకూడదు అని ఆహార భద్రత సంస్థ 2020 నిబంధనల్లో ఉంది. ఆటల పీరియడ్‌లో వాడే టేపుతో గేటు నుంచి 50 మీటర్లు కొలిచి, ఆ లోపల కనపడే బోర్డులు రాసుకోమనండి. రాసుకోవడమే, అంగడాయనతో పంచాయితీ పెట్టుకోవద్దు.

తర్వాత నాలుగో జట్టు "పంచదార లేదు" కాగితం దగ్గరికి వచ్చి, అలాంటివి పెద్ద కంపెనీలు చేస్తే ఏమవుతుందో చెప్పండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. ఈ వస్తువు కొనకపోతే మీ స్నేహితుల్లో తక్కువైపోతారు అని పిల్లల్ని చిన్నబుచ్చే ప్రకటనలు, అమ్మానాన్నల్ని అడిగి కొనిపించుకోమని ఉసిగొల్పే ప్రకటనలు తప్పని 2022 మార్గదర్శకాల్లో ఉంది. ఇలాంటివి పిల్లలు ఇట్టే గుర్తుపడతారు, తమ మీద ప్రయోగించినవే కదా. ఫిర్యాదు చేయాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. నోట్‌బుక్ అట్ట లోపల రాయించండి.

ఏడో అడుగు: ఎంత వచ్చిందో చూడండి

పరీక్ష పెట్టేటప్పుడు వాళ్ళు ఇంతకు ముందు చూడని ప్రకటన ఒకటి ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరితో మాట్లాడుతోంది? వాళ్ళకి ఇది నచ్చుతుందని అమ్మేవాడికి ఎలా తెలిసి ఉంటుంది? ఇందులో చెప్పకుండా వదిలేసిందేమిటి? మొదటి ప్రశ్నకి అందరూ రాస్తారు. రెండోదానికి సగంమంది తడబడతారు, అది మామూలే. ఇద్దరు ముగ్గురు "ప్రకటనలన్నీ అబద్ధాలే" అని రాస్తారు. చదవడానికి తెలివైన జవాబులా ఉంటుంది గానీ వాళ్ళకి పాఠం అందలేదని లెక్క. వేడినీళ్ళున్నాయని రాసిన లాడ్జిలో నిజంగానే వేడినీళ్ళుండొచ్చు కదా అని వాళ్ళతో విడిగా మాట్లాడండి.

ఆఖరిగా ప్రతి ఒక్కరూ తమ వీధిలో ఒక అంగడికి ప్రకటన తయారుచేయాలి. టైలరు, పాలబూత్, సైకిల్ రిపేరు, ఏదైనా సరే. బొమ్మ బాగా వేసేవాళ్ళకే మార్కులన్నీ పోకుండా, కాగితం వెనక పక్క ఎవరిని అడిగారు, వాళ్ళేం చెప్పారు, దాన్నిబట్టి ఏ మాట పెద్దగా రాశారు అన్నది నాలుగు వాక్యాల్లో రాయించండి. దిద్దేటప్పుడు ముందు వెనక పక్క చదివి, ఆ తర్వాతే కాగితం తిప్పండి.